కవరు చింపునది ఎవరు? – మొక్కల మైటోకాండ్రియాలపై జరిగిన ఒక అన్వేషణ చరిత్ర

మన యింటికి ఉత్తరము వచ్చినప్పుడు కవరుపై నున్న చిరునామాను ఒకసారి చూతుము. తరువాత కవరును చింపి లోపలి కాగితమును తీసికొందుము. చిరునామా లేనిచో ఉత్తరము మనకు చేరదు. చేరిన తరువాత ఆ చిరునామాతో మనకు పనిలేదు. జీవకణములో తయారగు మాంసకృత్తుల విషయమున గూడ ఇట్టి ఏర్పాటే ఉన్నది. ఒకచోట తయారై వేరొకచోట పనిచేయవలసిన మాంసకృత్తులలో అనేకము తమ చిరునామాను తమ గొలుసు మొదటనే మోసికొని పోవును. గమ్యము చేరగానే ఆ భాగమును ఒక ఎంజైము కత్తిరించివేయును.

ఈ కత్తిరించు ఎంజైము కణములో ఎక్కడ నుండును? ప్రశ్న చిన్నదే. కాని ఈస్టులోను ఎలుకలోను దీనికి దొరికిన సమాధానము ఒకటి, మొక్కలలో దొరికినది మరియొకటి. మొక్కలు ఇచ్చిన సమాధానము, ఒక యంత్రమునకు ఒకే పని యుండునన్న మన తలంపును మార్చివేసినది. ఆ చరిత్రను తెలిసికొనుటకు ముందు, ఉత్తరములు చేరవలసిన ఇల్లు ఎట్టిదో చూడవలెను.

నూలుపోగులు, గింజలు

జీవకణములో కేంద్రకమునకు వెలుపల నున్న సూక్ష్మరేణువులను 19వ శతాబ్దపు చివరి దశాబ్దములలో పలువురు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో చూచిరి. 1890లో జర్మనీ దేశస్థుడైన రిచర్డ్ ఆల్ట్‌మన్ వీటిని కణములో నివసించు ప్రాథమిక జీవులుగా భావించి బయోబ్లాస్టులని పిలిచెను. 1898లో కార్ల్ బెండా వీటికి మైటోకాండ్రియాలని పేరు పెట్టెను. గ్రీకు భాషలో మిటోస్ అనగా దారము, కాండ్రోస్ అనగా గింజ. ఇవి కొన్ని వేళల నూలుపోగువలెను, కొన్ని వేళల గింజవలెను కనబడుటచే ఆ పేరు వచ్చినది. 1904లో ఫ్రీడ్రిష్ మేవెస్ తెల్లకలువ పూవుయొక్క పుప్పొడి తిత్తులలోని కణములలో వీటిని గుర్తించి, మొక్కలలో గూడ మైటోకాండ్రియాలు ఉన్నవని తెలిపెను.

వీటి పని ఏమో తెలియుటకు మరి నలుబదియేండ్లకు పైగా పట్టినది. 1948, 1949 సంవత్సరములలో అమెరికాలో యూజీన్ కెనెడీ, ఆల్బర్ట్ లెనింజర్ అను వారు ఎలుక కాలేయమునుండి మైటోకాండ్రియాలను వేరుచేసి, ఆహారమును ఆమ్లజనితో దహించి ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును తయారుచేయునవి ఇవియే అని ఋజువు చేసిరి. 1951లో కాలిఫోర్నియాలో అడెల్ మిల్లర్డ్, జేమ్స్ బానర్, వారి సహచరులు మొక్కల మైటోకాండ్రియాలు గూడ ఇదే పనిచేయుచున్నవని చూపిరి. వారు ఉపయోగించినది మనకు బాగుగ తెలిసిన గింజయే - పెసర. పెసలను చీకటిలో మొలకెత్తించి, పచ్చదనము లేని ఆ లేత కాడలనుండి వారు మైటోకాండ్రియాలను తీసిరి. ఈ పెసర మొలకను పాఠకులు గుర్తుంచుకొందురుగాక! ఈ కథ చివరలో అది మరల వచ్చును.

మైటోకాండ్రియాకు రెండు పొరలు ఉన్నవి. వెలుపలి పొర నునుపుగా నుండును; లోపలి పొర మడతలు మడతలుగా నుండును. ఆ రెండవ పొరకు లోపల నున్న ద్రవభాగమును మాతృక అందురు. శ్వాసక్రియకు సంబంధించిన పెద్ద పెద్ద మాంసకృత్తు సంకీర్ణములు లోపలి పొరలో నాటుకొని యున్నవి. అవి ఎలక్ట్రానులను ఒకదానినుండి మరియొకదానికి అందించుచు, చివరకు ఆమ్లజనికి చేర్చును. వాటిలో మూడవది సైటోక్రోమ్ బి-సి1 సంకీర్ణము. దీని పేరును గూడ గుర్తుంచుకొనవలెను.

ఇంటిలో వండునది కొంచెము, వెలుపలినుండి వచ్చునది అధికము

1963లో స్టాక్‌హోమ్‌లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ అను వారు కోడిపిండపు మైటోకాండ్రియాలలో డి.ఎన్.ఏ. పోగులను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచిరి. మరుసటి సంవత్సరమే వియన్నాలో గాట్‌ఫ్రీడ్ షాట్జ్, అతని సహచరులు ఈస్టు మైటోకాండ్రియాలలో గూడ డి.ఎన్.ఏ. ఉన్నదని రసాయన పరీక్షలచే తెలిపిరి. స్వంత జన్యువులున్నవి గావున మైటోకాండ్రియాలు తమ మాంసకృత్తులన్నింటిని తామే చేసికొనునేమో యను ఆలోచన సహజముగా కలుగును. కాని లెక్క చూచినప్పుడు అట్లు లేదు. 1981లో మానవ మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఏ. పూర్తిగా చదువబడినది, అందు 13 మాంసకృత్తులకు మాత్రమే సూచనలున్నవి. 1997లో అరేబిడాప్సిస్ అను చిన్న మొక్కయొక్క మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. చదువబడినది. దాని పొడవు మానవుని దానికంటె ఇరువదిరెట్లకు పైగా ఉన్నది. అనగా సుమారు 3,67,000 అక్షరముల జంటలు. ఐనను అందు గుర్తింపబడిన జన్యువులు 57 మాత్రమే. అందులోను అన్నియు మాంసకృత్తులకు చెందినవి కావు.

మైటోకాండ్రియాలో పనిచేయు మాంసకృత్తులు వేయికి పైగా ఉన్నవి. కావున వాటిలో నూటికి తొంబదికి పైగా కేంద్రకములోని జన్యువుల ఆజ్ఞపై వెలుపల తయారై, రెండు పొరలను దాటి లోనికి రావలసినదే. మొక్కల కణములో మరియొక చిక్కు గూడ ఉన్నది. అందు మైటోకాండ్రియాలతో పాటు హరితరేణువులు ఉన్నవి. వాటికి గూడ వెలుపలినుండి మాంసకృత్తులు వందలకొలది, వేలకొలది పోవలెను. ఒకే వీధిలో రెండు ఇండ్లు ఉన్నవి. ఒకరి ఉత్తరము వేరొకరికి చేరరాదు.

చిరునామా రహస్యము

మాంసకృత్తు తన చిరునామాను తానే మోయునను ఊహను న్యూయార్కులో గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సాబటీని 1971లో వెలిబుచ్చిరి. 1975లో బ్లోబెల్, బెర్న్‌హార్డ్ డాబర్‌స్టయిన్ ఆ ఊహకు ప్రయోగముల ఆధారము చూపిరి. ఇది కణమునుండి వెలుపలికి పోవు మాంసకృత్తులకు సంబంధించిన విషయము. ఈ కృషికే బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించినది. 1977లో డాబర్‌స్టయిన్, బ్లోబెల్, నామ్-హై చువా అను వారు ఒక పచ్చని నాచులో హరితరేణువునకు పోవు మాంసకృత్తు ఒకటి మొదట పెద్దదిగా తయారై, తరువాత చిన్నదగుచున్నదని కనుగొనిరి. 1979లో షాట్జ్, బ్లోబెల్ బృందములు కలిసి ఈస్టు మైటోకాండ్రియాలకు చేరు మాంసకృత్తులలో గూడ ఇదే సంగతిని చూచిరి.

ఈ ప్రయోగము ఎట్లు చేయుదురో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. గోధుమ అంకురముల సారమునుగాని, కుందేటి లేత రక్తకణముల సారమునుగాని పరీక్షనాళికలో తీసికొందురు. మాంసకృత్తులను నిర్మించు సామగ్రి అంతయు అందు ఉండును. కావలసిన మాంసకృత్తు యొక్క సందేశమును, రేడియోధార్మిక గంధకము గల మెథియొనీన్ అను అమైనో ఆమ్లమును దానికి చేర్తురు. కొంతసేపటికి క్రొత్త మాంసకృత్తు తయారగును. దానిని మైటోకాండ్రియాలతో కలిపి, తరువాత మెత్తని జిగురుపలకపై విద్యుత్తుచే నడపింతురు. చిన్న గొలుసులు వేగముగా ముందుకు పోవును, పెద్దవి వెనుకబడును. ఛాయాచిత్రపు ఫిలిమును దానిపై నుంచినచో రేడియోధార్మికత గల చోట నల్లని గీత పడును. మైటోకాండ్రియాలను తాకక ముందు గీత పైభాగమున ఉండును. తాకిన తరువాత కొంత క్రిందికి దిగును. ఆ దిగుదలయే చిరునామా కత్తిరింపబడినదనుటకు సాక్ష్యము. పైగీతను పూర్వరూపమనియు, క్రిందిగీతను పక్వరూపమనియు, కత్తిరింపబడిన ముక్కను పూర్వశ్రేణి యనియు మనము పిలుచుకొందము.

పూర్వశ్రేణి నిజముగా చిరునామాయేనా, లేక పనికిరాని తోకయా? 1984లో షాట్జ్ బృందము ఈ ప్రశ్నను సూటిగా పరీక్షించినది. ఈస్టులోని ఒక మైటోకాండ్రియా మాంసకృత్తుకు 25 అమైనో ఆమ్లముల పూర్వశ్రేణి ఉన్నది. దానిలోని భాగమును తీసి, మైటోకాండ్రియాతో ఏ సంబంధమును లేని ఒక చిట్టెలుక ఎంజైముకు అతికించిరి. ఆ ఎంజైము తిన్నగా మైటోకాండ్రియా మాతృకలోనికి పోయినది! 1987లో మార్క్ బూత్రి, చువా మొదలగువారు పొగాకు జాతి మొక్కనుండి తీసిన పూర్వశ్రేణిని ఒక బాక్టీరియా ఎంజైముకు అతికించి పొగాకు మొక్కలలో ప్రవేశపెట్టిరి. అది మైటోకాండ్రియాలకు చేరినది. ప్రక్కనే యున్న హరితరేణువులకు పోలేదు.

ఈ చిరునామాలలో విచిత్రమేమనగా, ఏ రెండింటి అక్షరములును ఒక్కటి కావు. 1986లో స్టాక్‌హోమ్‌లోని గున్నర్ ఫాన్ హైనె వాటిని పోల్చి చూచి, సామ్యము అక్షరములలో గాక ఆకారములో ఉన్నదని తెలిపెను. పూర్వశ్రేణి మరచుట్టువలె చుట్టుకొన్నప్పుడు దాని ఒక ప్రక్క ధనావేశము గల అమైనో ఆమ్లములును, రెండవ ప్రక్క నూనెవంటి గుణము గలవియు చేరును. మైటోకాండ్రియా లోపలిపొరకు లోవైపున ఋణావేశము ఉండును గావున, ధనావేశము గల ఆ చుట్టు లోనికి లాగబడును.

ఈస్టులో దొరికిన కత్తెర

1980లో షాట్జ్ బృందము కత్తిరించు ఎంజైమును వెదకనారంభించినది. వారు మైటోకాండ్రియాలను పగులగొట్టి, వేగముగా త్రిప్పు యంత్రములో పెట్టి, అడుగున చేరు పొరల మడ్డిని ఒకవైపునకు, పైన తేలు స్వచ్ఛమైన మాతృకద్రవమును మరియొకవైపునకు వేరుచేసిరి. కత్తిరించు శక్తి పైన తేలిన ద్రవములో ఉన్నది. లోహ అయానులను బంధించి పట్టుకొను పదార్థములను కలిపినచో ఆ శక్తి నశించెను. అనగా ఈ ఎంజైమునకు ఒక లోహము అవసరము.

1988లో ఈస్టునుండియు, న్యూరోస్పోరా అను బూజునుండియు ఈ ఎంజైమును శుద్ధముగా వేరుచేసిరి. దానికి రెండు భాగములున్నవి. ఒక్కొక్కటి విడిగా పనిచేయలేదు. 1989లో జపానులో ఎలుక కాలేయమునుండి గూడ ఇట్టిదే లభించినది. 1993లో షాట్జ్, నాయ్‌పెర్ట్, ఒమురా, కలౌసెక్, ష్మిట్జ్ అను అయిదుగురు కలిసి, ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క పేరుతో పిలుచుచుండిన ఈ ఎంజైముకు ఒకే పేరు నిర్ణయించిరి. అది మైటోకాండ్రియల్ ప్రాసెసింగ్ పెప్టిడేజ్, క్లుప్తముగా ఎం.పి.పి. దాని రెండు భాగములకు ఆల్ఫా, బీటా అని పేర్లు.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. ఎం.పి.పి. భాగములు గూడ కేంద్రకపు జన్యువులనుండి పుట్టి వెలుపలినుండి వచ్చునవే. వాటికి గూడ పూర్వశ్రేణులున్నవి. వాటిని కత్తిరించునది ఎవరు? అంతకు ముందే లోపల నున్న ఎం.పి.పి.! కావున మైటోకాండ్రియా శూన్యమునుండి పుట్టజాలదు. పాత మైటోకాండ్రియానుండియే క్రొత్తది రావలెను.

ఇంతవరకు అంతయు సుగమముగా కనబడినది. కాని 1989లోనే జర్మనీ శాస్త్రజ్ఞులు న్యూరోస్పోరాలో ఒక విచిత్రమును గమనించిరి. ఎం.పి.పి. యొక్క బీటా భాగము, సైటోక్రోమ్ బి-సి1 సంకీర్ణములోని ఒక మాంసకృత్తు రెండును ఒక్కటియే! ఆ సంకీర్ణములో కోర్ మాంసకృత్తులని రెండు పెద్ద భాగములున్నవి. కోర్ అనగా నడిమి గుజ్జు అని అర్థము. ఎలక్ట్రానులను అందించు పనిలో వీటికి ఏ పాత్రయు లేదు. మరి అవి అక్కడ ఎందులకున్నవో ఎవరికిని తెలియదు. వాటిలో ఒకటి కత్తెరలో సగభాగమని ఇప్పుడు తేలినది.

బంగాళాదుంప చెప్పిన సమాధానము

మొక్కలలో ఈ పని చేపట్టినవారు ముఖ్యముగా రెండు బృందములవారు. బెర్లిన్‌లో ఉడో ష్మిట్జ్, హాన్స్-పీటర్ బ్రౌన్, వారి సహచరులు బంగాళాదుంపను ఎన్నుకొనిరి. దుంప నేలలోపల పెరుగును గావున అందు పచ్చని హరితరేణువుల బెడద లేదు. స్టాక్‌హోమ్‌లో ఎల్జ్‌బియెటా గ్లేజర్, ఆమె సహచరులు పాలకూర ఆకులను తీసికొనిరి. ఆకునుండి మైటోకాండ్రియాలను తీయుట కష్టతరము. సాంద్రతలో భేదముగల ద్రవపు పొరలలో త్రిప్పి, హరితరేణువుల ముక్కలనుండి వాటిని జాగ్రత్తగా వేరుచేయవలెను.

ఈస్టులో చేసినట్లే ఇచ్చట గూడ మైటోకాండ్రియాలను పగులగొట్టి, మాతృకద్రవమును, పొరల మడ్డిని వేరుచేసిరి. ద్రవములో కత్తెర ఉండవలెను. కాని కత్తిరించు శక్తి మడ్డిలో ఉన్నది! ఈస్టు గ్రంథమును నమ్మి మడ్డిని పారవేసి ద్రవమును మాత్రమే పరీక్షించినవారికి మొక్కలలో కత్తెర దొరకియుండెడిది కాదు. దొరకనిది లేదని వ్రాసియుండెడివారేమో.

శక్తి పొరలో ఉన్నదనుట ఒక మెట్టు మాత్రమే. ఆ పొరలో ఎన్నియో మాంసకృత్తులు ఉన్నవి. వాటిలో ఏది కత్తెర? బెర్లిన్ బృందము పొరను కరగించి, అందలి సంకీర్ణములను ఒక్కొక్కటిగా వేరుచేయుచు పోయినది. ప్రతి మెట్టులోను కత్తిరించు శక్తి సైటోక్రోమ్ బి-సి1 సంకీర్ణము వెంటనే పోవుచుండెను. చివరకు శుద్ధమైన సంకీర్ణమును తీసికొని రెండు పరీక్షలు చేసిరి. అది ఎలక్ట్రానులను అందించినది. పూర్వశ్రేణులను గూడ కత్తిరించినది. బంగాళాదుంప సంకీర్ణములో పది భాగములున్నవి. వాటిలో పెద్దవగు కోర్ మాంసకృత్తుల అమైనో ఆమ్లముల వరుసను చదివినప్పుడు అవి ఎం.పి.పి. భాగములకు బంధువులని తెలిసినది. ఈ ఫలితము 1992లో వెలువడినది. అదే సంవత్సరము గ్లేజర్ బృందము పాలకూర మైటోకాండ్రియాలలో గూడ కత్తెర పొరకు అంటి యున్నదని ప్రకటించినది. 1994లో అది బి-సి1 సంకీర్ణములోని భాగమేనని చూపినది. 1995లో గోధుమలో గూడ ఇదే కనబడినది.

అనగా మొక్కలలో కవరు చింపుటకు ప్రత్యేకముగా ఒక నౌకరు లేడు. శ్వాసక్రియ నడుపు యంత్రమే ఆ పనిని గూడ చేయుచున్నది. న్యూరోస్పోరాలో సగము కత్తెర ఆ యంత్రములో ఉన్నది. ఈస్టులోను, జంతువులలోను కత్తెర పూర్తిగా విడివడి మాతృకద్రవములో తిరుగుచున్నది. మొక్కలలో మాత్రము కత్తెర అంతయు యంత్రములోనే యున్నది.

అట్లయినచో శ్వాసక్రియ నిలిచినప్పుడు కత్తిరింపు గూడ నిలిచిపోవునా? ఈ సందేహము వెంటనే కలుగును. ప్రయోగములలో తేలినదేమనగా, ఈ రెండు పనులును ఒకే యంత్రములో జరుగుచున్నను, ఒకటి జరుగుటకు రెండవది జరుగుచుండవలెనను నియమము లేదు. ఒకే ఇంటిలో ముందుగదిలో దుకాణము, వెనుకగదిలో వంట యున్నట్లు ఇవి ఇమిడి యున్నవి.

పేరు ఒకటి, స్థానము వేరొకటి

1997లో ఎద్దు గుండెనుండి తీసిన బి-సి1 సంకీర్ణపు ఆకృతిని ఎక్సు-కిరణములచే నిర్ణయించిరి. కోర్ మాంసకృత్తులు నడుమ లేవు. పొరనుండి మాతృకలోనికి గుమ్మటమువలె వ్రేలాడుచున్నవి. పేరు నడిమిదని చెప్పుచున్నను స్థానము అంచున. కత్తెరకు ఇంతకంటె తగిన చోటు ఏది? 2001లో ఈస్టు ఎం.పి.పి. ఆకృతి గూడ తెలిసినది. ఆల్ఫా, బీటా భాగములు రెండు దోసిళ్ళవలె ఎదురెదురుగా నిలిచి, నడుమ ఒక గుహను ఏర్పరచును. పూర్వశ్రేణి మరచుట్టు విప్పుకొని సాగిన దారమై ఆ గుహలో ఇమిడినప్పుడు, బీటా భాగములో కట్టువడియున్న జింకు అయాను దగ్గర కత్తిరింపు జరుగును. గుహ గోడలలోని ఋణావేశము పూర్వశ్రేణిలోని ధనావేశమును పట్టి నిలుపును. చిరునామాను లోనికి లాగిన ఆకర్షణయే దానిని కత్తెర నోటికి గూడ అందించుచున్నది.

ఎద్దు సంకీర్ణములోని కోర్ మాంసకృత్తులకు ఆకారము ఇట్లేయున్నది గాని, జింకును పట్టుకొను అమరిక చెడిపోయినది. వాటికి కత్తిరించు పని లేదు. 1995లోనే బ్రౌన్, ష్మిట్జ్ ఒక వ్యాసములో ఈ కోర్ మాంసకృత్తులు పూర్వమున్న కత్తిరించు ఎంజైము యొక్క అవశేషములా యని ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు వెనుక నున్న తర్కము ఇది. మైటోకాండ్రియాలు ఒకప్పుడు స్వతంత్రముగా జీవించిన బాక్టీరియాల సంతతి యని నేడు శాస్త్రజ్ఞులు అంగీకరించుచున్నారు. నేటి బాక్టీరియాల బి-సి1 సంకీర్ణములో ఎలక్ట్రానులను అందించు మూడు ముఖ్యభాగములు ఉన్నవి గాని కోర్ మాంసకృత్తులు లేవు. స్వంత ఇంటిలో అన్నియు వండుకొను జీవికి వెలుపలి ఉత్తరములతో పనిలేదు గదా! జన్యువులు కేంద్రకమునకు తరలిపోయిన తరువాతనే కత్తెర అవసరమైనది. అది యంత్రమునకు అంటుకొన్నది. మొక్కలలో నేటికిని అక్కడనే పనిచేయుచున్నది. జంతువులలో పని వేరొక కత్తెరకు మారి, పాతది రూపము మాత్రము మిగిలి నిలిచిపోయినది. ఇది ప్రత్యక్షముగా చూచినది కాదు, అనుమానప్రమాణముచే చెప్పునది. ఐనను కనబడుచున్న సంగతులకు ఇది చక్కగా పొసగుచున్నది.

చింపిన కవరు ఏమగును?

కవరు చింపిన తరువాత దానిని చెత్తబుట్టలో వేయుదుము. మైటోకాండ్రియాలో ఇది అంత తేలిక కాదు. పూర్వశ్రేణి ఒక ప్రక్క ధనావేశమును, మరియొక ప్రక్క నూనెగుణమును కలది యని చెప్పితిమి. అట్టి ముక్కలు విడిగా పేరుకొన్నచో పొరలలో దూరి వాటిని చిల్లులు పరచగలవు. చిల్లుపడిన పొరకు ఇరువైపుల ఆవేశభేదము నిలువదు. అది నిలువనిచో ఏ.టి.పి. తయారు కాదు. ఏ గుణము పూర్వశ్రేణిని లోనికి తెచ్చినదో ఆ గుణమే పని తీరిన తరువాత విషమగుచున్నది.

2002లో గ్లేజర్ బృందము బంగాళాదుంప మైటోకాండ్రియాలనుండి ఈ ముక్కలను నాశనము చేయు ఎంజైమును వేరుచేసినది. దానికి ప్రెప్ అని పేరు పెట్టిరి. 2006లో అరేబిడాప్సిస్ ప్రెప్ ఆకృతి వెల్లడియైనది. రెండు చిప్పలు మూసికొన్నట్లున్న ఆ ఎంజైము నడుమ ఒక పెద్ద గుహ కలదు. చిన్న ముక్కలు అందు పట్టును; ముడుచుకొని పూర్తిరూపము దాల్చిన మాంసకృత్తులు పట్టవు. కావున అది చెత్తను మాత్రమే తినును, ఇంటి సామానును ముట్టదు. మొక్కలలో ఈ ప్రెప్ మైటోకాండ్రియాలకు, హరితరేణువులకు రెండింటికిని పోవును. ఇది ఎం.పి.పి. కుటుంబములోనిదే, జింకును పట్టు అమరిక రెండింటిలోను ఒకే తీరున ఉన్నది. కవరు చింపునదియు, చింపిన ముక్కలను నలుపునదియు దాయాదులే!

కత్తిరింపు ఒక్కసారితో ముగియుననుట గూడ నిజము కాదని తరువాత తెలిసినది. 2009లో ఈస్టులోను, అదే సంవత్సరము అరేబిడాప్సిస్, వరి మొక్కలలోను జరిగిన పరిశీలనలలో, ఎం.పి.పి. కోసిన తరువాత వేరొక ఎంజైము కొన్ని మాంసకృత్తుల మొదటినుండి మరియొక అమైనో ఆమ్లమును తీసివేయుచున్నదని తేలినది. ఆర్జినీన్ అను అమైనో ఆమ్లము కొన్నింటిలో కోతకు రెండు స్థానముల ముందును, కొన్నింటిలో మూడు స్థానముల ముందును కనబడుచుండుటకు కారణము చాలకాలము బోధపడలేదు. మూడవ స్థానము నిజమునకు రెండవదే. తరువాత ఒక అక్షరము పోవుటచే లెక్క మారినది.

మరల పెసర మొలక

2021లో కాలిఫోర్నియాలో మరియా మాల్డొనాడో, ఫై గువో, జేమ్స్ లెట్స్ అను శాస్త్రజ్ఞులు మొక్కల బి-సి1 సంకీర్ణమును అతిశీతల ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిచే పరిశీలించి దాని పరమాణువుల అమరికను ప్రకటించిరి. మంచుగడ్డలో బంధించిన సంకీర్ణముల లక్షలకొలది నీడలను కలిపి ఈ చిత్రమును నిర్మింతురు. అందు పొరకు లోవైపున ఎం.పి.పి. గుమ్మటములు, బీటా భాగములో జింకు స్థానము స్పష్టముగా కనబడినవి. 1992లో గీతల దిగుదలను చూచి ఊహించినది 2021లో కంటికి కనబడినది. ఈ పరిశోధనకు వారు తీసికొన్న మొక్క పెసర. చీకటిలో పెంచిన పెసర మొలక. 1951లో మిల్లర్డ్, బానర్ చేతిలో నున్నదియు అదియే.

ఈ చరిత్రనుండి ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన మాట ఒకటి ఉన్నది. ఒక జీవిలో కనుగొన్న సత్యమును అన్ని జీవులకును అంటగట్టరాదు. ఈస్టులో కత్తెర ద్రవములో ఉన్నదనుట నిజము. మొక్కలలో అది మడ్డిలో ఉన్నదనుటయు నిజమే. బెర్లిన్, స్టాక్‌హోమ్ శాస్త్రజ్ఞులు మడ్డిని పారవేయక పరీక్షించుటచేతనే ఇది తెలిసినది. ప్రయోగశాలలో పిల్లలు వడపోత చేయునప్పుడు, వడపోసిన ద్రవమును మాత్రమే గాక కాగితముపై నిలిచినదానిని గూడ పరీక్షింపవలెనని మనము చెప్పుదుము. అది మార్కుల కొరకు చెప్పు మాట కాదని ఈ కథ చూపుచున్నది.

రేపు ఇంటిలో పెసలు నానబెట్టి గుడ్డలో మూటకట్టినప్పుడు, మరునాటికి తెల్లగా బయటపడు మొలకను ఒకసారి చూడుడు. ఆ మొలకలోని ప్రతి కణములోను వందలకొలది మాంసకృత్తులు చిరునామాలు మోసికొని లోనికి పోవుచున్నవి. శ్వాసించుచున్న యంత్రమే వాటి కవరులను చింపుచున్నది.